కాలిపర్ కొనేముందు అట్టముక్క కత్తిరించండి

చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌లో నాలుగో ల్యాప్. మెయిన్ స్ట్రెయిట్ చివర, ముందు మూడు ల్యాపుల్లో బ్రేకు వేసిన చోటే మళ్లీ కాలు వేశాను. పెడల్ తడి స్పాంజిలా మెత్తగా లోపలికి దిగిపోయింది. గబగబా రెండుసార్లు పంప్ చేస్తే అప్పుడు పట్టుకుంది. కారు మలుపు దాటిపోయి పక్కనున్న ఖాళీ జాగాలో ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ అర సెకను కాలి కింద ఏమీ లేకపోవడం అంటే ఏమిటో ఇప్పటికీ నా పాదానికి గుర్తుంది.

నాది పోలో జీటీ టీఎస్ఐ. 1.2 లీటర్ ఇంజన్, కంపెనీ ఇచ్చింది 105 పీఎస్. దాని మీద రీమ్యాప్ చేయించాను, అంటే ఇంజన్ కంప్యూటర్‌లో సెట్టింగులు మార్పించి బలం పెంచాను. బ్రేకులు మాత్రం కంపెనీవే: ముందు 256 మి.మీ. డిస్కులు, వెనుక డ్రమ్ములు. ఆ రాత్రి హోటల్ గదిలో కూర్చుని ఎర్ర రంగు నాలుగు పిస్టన్ల కాలిపర్ల ఫొటోలు చూస్తూ రెండింటిదాకా మేలుకున్నాను. కాలిపర్ అంటే ఆయిల్ ఒత్తిడికి పిస్టన్లు కదిలి, ప్యాడ్లను తిరిగే డిస్కుకి నొక్కే భాగం. మీరు కూడా అదే స్థితిలో ఉంటే ముందు ఆ ఫొటోలు పక్కన పెట్టి ఇది చదవండి.

మొదట తేల్చుకోవాల్సింది మీ బ్రేకు ఎక్కడ చేతులెత్తేసిందన్నది. పెడల్ మెత్తబడి కిందికి పోయిందంటే బ్రేక్ ఆయిల్ మరిగి అందులో ఆవిరి బుడగలు పుట్టాయని అర్థం. పెడల్ గట్టిగానే ఉండి, ఎంత తొక్కినా కారు ఆగకుండా, కాలిన వాసన వస్తే ప్యాడ్లు వాటి వేడి హద్దు దాటాయి. ఈ రెండూ కాకుండా, చల్లగా ఉన్నప్పుడు కూడా గట్టిగా తొక్కగానే ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) టకటకా కొడుతోందా? అయితే మీ బ్రేకులకు బలం ఇప్పటికే సరిపోయింది, పట్టు చాలనిది టైరుకి. ఆ కారుకి ఎంత పెద్ద కాలిపర్ పెట్టినా ఒక్క బ్రేకులో ఆగే దూరం తగ్గదు. ముందు మంచి టైర్లు కొనండి. పెద్ద డిస్కు పని కారుని త్వరగా ఆపడం కాదు, పదో ల్యాపులో కూడా మొదటి ల్యాపులాగే ఆపడం.

నా సమస్య ఆయిల్. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. కానీ అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 155కి పడిపోవచ్చు. నేను మూడేళ్లుగా ఆయిల్ మార్చలేదు. మూడు వానాకాలాలు దాటిన ఆయిల్‌తో ట్రాక్‌కి వెళ్లడం నాదే తప్పు. ఇప్పుడు మోటుల్ ఆర్‌బీఎఫ్ 600 వాడుతున్నాను, కొత్తది 312 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. ట్రాక్‌కి వెళ్లే ముందు ప్రతిసారీ మారుస్తాను. సిలికాన్‌తో చేసే డాట్ 5 వేరే జాతి, దాన్ని వీటితో కలపకూడదు. పేరు దగ్గరగా ఉందని, డాట్ 4 జాతికే చెందిన డాట్ 5.1 అనుకుని దీన్ని తెచ్చుకునేవాళ్లున్నారు, డబ్బా మీద చదివి కొనండి. ఆయిల్ తర్వాత ప్యాడ్లు: రోడ్డుకీ ట్రాక్‌కీ కలిపి వాడేవాళ్లలో ఫెరోడో డీఎస్2500కి మంచి పేరుంది. పూర్తి రేసు ప్యాడ్లు మాత్రం రోడ్డు కారుకి వద్దు. పొద్దున్నే చల్లటి డిస్కు మీద అవి సరిగ్గా పట్టవు, పిల్లల్ని స్కూల్లో దింపే కారుకి అది ప్రమాదం.

ఈ రెండూ మార్చాక కూడా సరిపోకపోతే అప్పుడు డిస్కుల సంగతి చూడాలి. నేను కాగితం మీద వేసుకున్న లెక్క ఇది. కారూ నేనూ కలిపి 1,200 కిలోలు. 150 కి.మీ. వేగం నుంచి 60కి తగ్గించాలంటే దాదాపు 8 లక్షల 75 వేల జౌళ్ల శక్తి వేడిగా మారాలి. అందులో ముప్పావు వంతు ముందు డిస్కుల మీదే పడుతుందనుకుందాం. 256 మి.మీ. డిస్కు ఒక్కోటి సుమారు 5 కిలోలు, కాబట్టి ఒక్క బ్రేకుకి దాని వేడి 140 డిగ్రీల దాకా పెరుగుతుంది. 288 మి.మీ. డిస్కు 7 కిలోలకి దగ్గరగా ఉంటుంది, అందులో పెరుగుదల 100 డిగ్రీలే. ల్యాపుకి అయిదారుసార్లు ఇలా తొక్కుతాం. మధ్యలో చల్లారే సమయం కొంతే. డిస్కు ఎంచుకోవడమంటే ముందు ఇనుము బరువు చూడటం, తర్వాత దాని లోపల గాలి ఎలా తిరుగుతుందో చూడటం. వంకర రెక్కలున్న డిస్కులైతే ఎడమది ఎడమకే, కుడిది కుడికే. చక్రం ముందుకు తిరుగుతుంటే రెక్కలు వెనక్కి వాలి ఉండాలి.

బెజ్జాల డిస్కులు వద్దు. ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నది. మొదటిసారి ఓ దుకాణంవాళ్లు మాటలతో ఒప్పించి, బెజ్జాలూ గాట్లూ రెండూ ఉన్న చవక సెట్టు అంటగట్టారు. చూడటానికి బ్రహ్మాండంగా ఉంది. రెండు ట్రాక్ డేలు అయ్యాక చక్రం విప్పి టార్చి వేసి చూస్తే ఒక బెజ్జం నుంచి పక్క బెజ్జానికి వెంట్రుకంత గీత కనిపించింది. గోరు పెట్టి అడ్డంగా లాగితే గోరు ఆగింది. గోరు ఆగే పగులు, అందులోనూ బెజ్జాలను కలిపే పగులు ఉంటే ఆ డిస్కు మళ్లీ కారెక్కకూడదు. అసలే వేడికి ఇనుము సాగి ముడుచుకుంటూ ఉంటుంది, ప్రతి బెజ్జమూ ఒక పగులుకి మొదలు కావచ్చు. గాట్లు మాత్రమే ఉన్న డిస్కు పరవాలేదు, ప్యాడ్ల మీద పేరుకున్న పొరను గీరేస్తుంది, బదులుగా ప్యాడ్లు కొంచెం త్వరగా అరుగుతాయి, కాస్త చప్పుడు వస్తుంది. నా మాట అడిగితే, పేరున్న కంపెనీ చేసిన సాదా వెంటిలేటెడ్ డిస్కు (లోపల గాలి తిరిగేది) నూటికి తొంభై మందికి చాలు. మధ్య భాగం అల్యూమినియంతో వచ్చే రెండు ముక్కల డిస్కులు బరువు తగ్గిస్తాయి, ఖరీదు మాత్రం చాలా ఎక్కువ. నెలకోసారి ట్రాక్‌కి వెళ్లేవాళ్లు ఆలోచించొచ్చు.

ఇక కాలిపర్లు. ఎక్కువ పిస్టన్లుంటే ఎక్కువ బ్రేకు అనేది చాలామంది నమ్మకం. అది నిజం కాదు. లెక్కకొచ్చేది పిస్టన్ల వైశాల్యం. పోలోలాంటి కార్లలో ఉండే జారే కాలిపర్‌కి ఒకే పిస్టన్, 54 మి.మీ. దాని వైశాల్యం 2,290 చదరపు మి.మీ. నాలుగు పిస్టన్ల కాలిపర్‌లో ఒక వైపున్న రెండింటినే లెక్కపెట్టాలి. 38 మి.మీ. పిస్టన్లయితే రెండూ కలిపి 2,268. అంటే దాదాపు సమానం, పెడల్ మీకు అలవాటైనట్టే ఉంటుంది. అదే 42 మి.మీ. పిస్టన్లయితే 2,770. పెడల్ ఇంకా లోతుకి వెళుతుంది, బ్రేకు పంపకం ముందు చక్రాల వైపు వాలిపోతుంది. వెనుక డ్రమ్ముల వాటా తగ్గి, ముందు టైర్లు తొందరగా జారడం మొదలవుతుంది, ఆగే దూరం పెరిగినా పెరగొచ్చు. అందుకే అమ్మేవాళ్లని మొదట పిస్టన్ సైజులు అడగండి. చెప్పలేనివాళ్ల దగ్గర కొనకండి. ఇంకో మాట: పిస్టన్ల చుట్టూ రబ్బరు డస్ట్ సీలు ఉందో లేదో చూడండి. రేసు కాలిపర్లకు చాలావాటికి ఉండదు. మన రోడ్ల దుమ్మూ బురదా లోపలికి పోతే పిస్టన్ పట్టేస్తుంది.

నేను చివరికి నాలుగు పిస్టన్ల జోలికి పోలేదు. విదేశాల్లో అమ్మిన కొన్ని పోలో జీటీఐలకి ముందు 288 మి.మీ. డిస్కు వచ్చేది. ఆ సైజుకే వెళ్లాను, పిస్టన్ 54 మి.మీ.దే ఉంచుకున్నాను. డిస్కు పెద్దదవడం వల్ల బ్రేకు పట్టు 12 నుంచి 15 శాతం పెరుగుతుంది, అది వెనుక డ్రమ్ములు ఓర్చుకోగలిగే తేడా. ఇక్కడ ఒక మెలిక ఉంది. కొన్ని కాలిపర్లు విడిగా ఉండే క్యారియర్ అనే చట్రం మీద కూర్చుంటాయి. కొన్ని కార్లలో ఆ భాగం, చక్రం బిగించే హబ్‌ని పట్టి ఉంచే నకిల్‌తో కలిసే పోతపోసి ఉంటుంది. అలా ఉంటే పెద్ద డిస్కుకి నకిల్ కూడా మార్చాలి, తర్వాత వీల్ అలైన్‌మెంట్ చేయించాలి. చక్రం విప్పి మీదేదో కళ్లతో చూసుకున్నాకే బేరం మొదలుపెట్టండి.

ఇప్పుడు అట్టముక్క. కాలిపర్ కంపెనీలు ఆకారం గీసిన కాగితం ఇస్తాయి. దాన్ని అసలు సైజులో ప్రింట్ తీయించండి, ప్రింట్ అయ్యాక స్కేలు పెట్టి కొలవండి, కొన్నిసార్లు ప్రింటరే కాస్త కుదించేస్తుంది. దాన్ని అట్టపెట్టె ముక్క మీద అంటించి కత్తిరించి, చక్రం విప్పి, హబ్‌కి ఆనే చోట పెట్టి లోపల చుట్టూ తిప్పండి. స్పోకుల వెనుకా రిమ్ము లోపలా కనీసం 3 మి.మీ. ఖాళీ ఉండాలి. నా 15 అంగుళాల చక్రంలో డిస్కుకి చోటు సరిపోయింది కానీ, బ్యాలెన్సింగ్‌కి లోపల అతికించిన బరువులు కాలిపర్‌కి తగిలేలా ఉన్నాయి. అవి తీయించి వేరే చోట అతికించాం. ఇది చూడకపోయి ఉంటే మొదటి కిలోమీటరులోనే ఊడిపోయేవి.

బిగించేటప్పుడు దగ్గరుండండి. హబ్ మీద తుప్పుని వైరు బ్రష్‌తో మెరిసేదాకా రుద్దాలి. ఒక చిన్న తుప్పు పెచ్చు డిస్కు కింద ఇరుక్కుంటే డిస్కు ఊగుతుంది. డయల్ గేజ్ పెట్టి తిప్పితే ఆ ఊపు 0.05 మి.మీ. లోపు ఉంటే మంచిది. మా మిత్రుడి కారుకి నాలుగు పిస్టన్ల కాలిపర్లు పెట్టిన రోజు ముషీరాబాద్‌లో సాయంత్రం దాకా గాలి తీస్తూనే ఉన్నాం. లీటరు ఆయిల్ అయిపోయింది, పెడల్ మెత్తగానే ఉంది. కుర్ర మెకానిక్‌కి కన్నీళ్లొక్కటే తక్కువ. చివరికి పెద్దాయన వచ్చి కింద కూర్చుని చూసి, "తమ్ముడూ, నిపుల్ కిందికెందుకుందిరా?" అన్నాడు. ఎడమ కాలిపర్ కుడికీ కుడిది ఎడమకీ బిగించారు. నిపుల్ అంటే ఆయిల్‌లో చిక్కుకున్న గాలిని బయటికి వదిలే చిన్న మర. గాలి పైకి పోతుంది, నిపుల్ పైన లేకపోతే ఆ బుడగ ఎన్నటికీ బయటకి రాదు. బిగించిన వెంటనే నిపుల్ పైనుందో లేదో మీరే చూడండి, అర నిమిషం పని.

కాలిపర్ బోల్టులు కొత్తవి వాడి, మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కే (బిగింపు బలానికే) బిగించాలి. పోలో చక్రం బోల్టులకైతే 120 న్యూటన్ మీటర్లు. బీమా కంపెనీకి రాతపూర్వకంగా చెప్పండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 బండిలో మార్పుల గురించే, ఒకసారి చదువుకోండి.

కొత్త డిస్కులూ ప్యాడ్లూ కుదురుకోవడానికి ఖాళీ రోడ్డు కావాలి. ఔటర్ రింగ్ రోడ్డు మీద మాత్రం చేయకండి, వెనుక వచ్చే లారీకి మీరెందుకు బ్రేకు వేస్తున్నారో తెలియదు. నేను తెల్లవారుజామున అయిదింటికి, ముందూ వెనుకా చాలా దూరం కనిపించే రోడ్డుకి వెళ్లాను. 80 నుంచి 20కి గట్టిగా, కానీ ఏబీఎస్ రాకుండా, ఎనిమిది నుంచి పదిసార్లు తగ్గించాలి. ఒక్కసారి కూడా పూర్తిగా ఆపకూడదు. తర్వాత పది పదిహేను నిమిషాలు బ్రేకు వీలైనంత తక్కువ వాడుతూ నడపాలి. వేడిగా ఉన్నప్పుడు ఆగి పెడల్ నొక్కి పట్టుకుంటే ప్యాడ్ ఉన్న చోట డిస్కు మీద మచ్చ పడుతుంది. తర్వాత స్టీరింగ్ వణుకుతుంది. అందరూ డిస్కు వంగిపోయిందంటారు, చాలాసార్లు అది ఆ మచ్చే.

వంద కిలోమీటర్లు తిరిగాక చక్రాల బోల్టులు మళ్లీ టార్క్ చూడండి, నిపుల్స్ చుట్టూ తడి ఉందేమో వేలితో తడిమి చూడండి, బానెట్ కింద ఉండే బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం ఎక్కడుందో గుర్తు పెట్టుకోండి. డిస్కు అంచున అచ్చుపోసిన కనీస మందం అంకెని ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి, కొన్నాళ్లకి బ్రేకు దుమ్ము కింద అది కనపడదు.