పిల్లల మెడలో గడ్డ తగిలితే ఏం చూడాలి, ఎప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్లాలి?

తిరుమల కళ్యాణకట్టలో పుట్టువెంట్రుకలు తీయించి ఇంటికొచ్చాక, బిడ్డకు స్నానం చేయిస్తుంటే తల వెనక చిన్న బిళ్లలు చేతికి తగులుతాయి. చాలామటుకు అవి ముందు నుంచీ ఉన్నవే, జుట్టు మాటున కనపడలేదు. తల వెనక, దవడ కింద, మెడ పక్కల లింఫ్ గ్రంథులు, అంటే రోగక్రిములతో పోరాడే చిన్న బిళ్లలు, అందరికీ ఉంటాయి. జలుబు, గొంతునొప్పి, పుచ్చిపన్ను, పేలు, తలలో కురుపులు, ఏది వచ్చినా దగ్గర్లోని గ్రంథి ఉబ్బుతుంది. కాబట్టి టెన్షన్ పడకుండా ముందు నిదానంగా చూడండి.

చేతులు కడుక్కుని బిడ్డను ఒళ్లో, వీపు మీవైపు ఉండేలా కూర్చోబెట్టుకోండి. చెవుల వెనక నుంచి దవడ కిందికి, మెడ పక్కలకు, చివరగా కాలర్ ఎముక పైనున్న గుంటలోకి రెండు చేతులతో ఒకేసారి మెల్లగా తడమండి. బఠాణీ గింజంత ఉండి, వేలి కింద అటూ ఇటూ కదులుతూ, బిడ్డ హుషారుగా ఆడుకుంటుంటే సాధారణంగా భయం లేదు. పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసి, తేదీ రాసుకోండి. రోజూ నొక్కొద్దు, వారానికోసారి చూస్తే చాలు. జలుబు తగ్గినా గ్రంథి తగ్గడానికి కొన్ని వారాలు పడుతుంది.

తర్వాత, ఎక్కడుందో గమనించండి. మెడ మధ్యలో ఉండి, నాలుక బయటపెట్టినప్పుడు పైకి కదిలితే అది పుట్టుకతో వచ్చిన తిత్తి కావచ్చు. అందులో చీము పట్టే అవకాశం ఉంది కాబట్టి ఆపరేషన్ చేసి తీసేస్తారు. చెవి కింద, దవడ మూల దగ్గర వాస్తే గవదబిళ్లలేమో చూపించాలి.

రెండు మూడు వారాల పసికందుకు మెడ పక్క కండలో గట్టిగా తగులుతూ, తల ఎప్పుడూ ఒకవైపుకే వాలుస్తుంటే అది కండరం బిగుసుకోవడం కావచ్చు. డాక్టరు నిర్ధారించాక, ఫిజియోథెరపిస్టు నేర్పే వ్యాయామాలతో ఎక్కువమందికి కొన్ని నెలల్లో తగ్గిపోతుంది. ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది. బిడ్డ తల తిప్పని వైపు నిలబడి పిలవండి, గిలక అటే ఆడించండి.

గండమాల, అంటే మెడ గ్రంథులకు వచ్చే టీబీ, మన దగ్గర ఇప్పటికీ ఉంది. నొప్పి లేకుండా వారాల తరబడి పెరిగే గడ్డలు, ఒకదానికొకటి అతుక్కున్న గడ్డలు, విడవని జ్వరం, బరువు పెరగకపోవడం దాని గుర్తులు. ఇంట్లో ఎవరికైనా టీబీ ఉంటే దయచేసి డాక్టరు దగ్గర దాచకండి. సన్నటి సూదితో కొంచెం తీసి పరీక్షిస్తారు. సూది గుచ్చితే గడ్డ ముదురుతుందన్న మాట నిజం కాదు. ప్రభుత్వాసుపత్రిలో టీబీ మందులు ఉచితం.

గడ్డ 2 సెంటీమీటర్లు దాటినా, రాయిలా గట్టిగా కదలకుండా ఉన్నా, 4 నుంచి 6 వారాలైనా తగ్గకపోయినా చూపించండి. కాలర్ ఎముక పైన అయితే ఎంత చిన్నదైనా ఆగొద్దు. పసికందు మెడలో ఏ గడ్డ కనిపించినా అంతే. ఎర్రబడి, వేడిగా ఉండి, జ్వరం వస్తే అదే రోజు వెళ్లండి. తిరుపతిలో రుయా ప్రభుత్వాసుపత్రి, చిత్తూరులో జిల్లా ఆసుపత్రి ఉన్నాయి. ఊపిరి కష్టమైనా, ఉమ్ము మింగలేక చొంగ కారుస్తున్నా, మెడ తిప్పలేకపోయినా వెంటనే 108కి ఫోన్ చేయండి.

అవ్వ ప్రేమతోనే సున్నం పట్టు వేద్దామంటుంది, కానీ పిల్లల లేత చర్మం కాలుతుంది. వాతలు అసలే వద్దు. మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ మాత్రలు వేయకండి. వాటితో గడ్డ కొన్నాళ్లు తగ్గినట్టే కనిపిస్తుంది, లోపలి జబ్బు మాత్రం పరీక్షలకు దొరకడం కష్టమవుతుంది.