షుగర్, థైరాయిడ్ క్లెయిమ్: పార్ట్ బీలో జబ్బు కోడ్ సరిచూసుకునే విధానం

కర్నూలు నుంచి హైదరాబాద్‌కో, అనంతపురం నుంచి బెంగళూరుకో, కడప నుంచి వేలూరుకో పోయి చూపించుకుని, సొంత డబ్బు కట్టి, తర్వాత ఆరోగ్య బీమా రీయింబర్స్‌మెంట్‌కు పెట్టేవాళ్లకు ఇది. క్లెయిమ్ ఫారంలో పార్ట్ ఏ మీరు నింపాలి. పార్ట్ బీ ఆసుపత్రి నింపి సీలు వేయాలి. ఐసీడీ-10 కోడ్ (ఒక్కో జబ్బుకు ప్రపంచమంతా వాడే గుర్తు) గళ్లు ఉండేది పార్ట్ బీలోనే. వాటిని డిశ్చార్జి రోజే చూసుకోండి, లేదంటే మళ్లీ బస్సెక్కాల్సిందే.

హార్మోన్ జబ్బుల కోడ్‌లు చాలావరకు ఇంగ్లిష్ ‘ఈ’ అక్షరంతో మొదలవుతాయి. థైరాయిడ్‌కు ఈ00 నుంచి ఈ07, టైప్ 1 షుగర్‌కు ఈ10, టైప్ 2కు ఈ11, పీసీఓఎస్ (ఆడవాళ్ల అండాశయాల హార్మోన్ సమస్య)కు ఈ28.2. చేతిరాతలో ‘ఈ’ కాస్తా ‘ఐ’ అయితే ఐ11.9, అంటే బీపీ వల్ల వచ్చే గుండెజబ్బు అవుతుంది.

షుగర్‌లో పేచీ అంతా చుక్క తర్వాతి అంకె దగ్గరే. ఈ11.9 అంటే ఇతర అవయవాలకు ఇబ్బంది తేని షుగర్. గ్యాంగ్రీన్‌తో కాలివేలు తీసేసిన మనిషికి అదే వేస్తే, ‘మాత్రలతో పోయేదానికి ఆపరేషన్ దేనికి?’ అని బీమా కంపెనీ నుంచి క్వెరీ (ప్రశ్న) వస్తుంది. అక్కడ ఈ11.5 ఉండాలి. కిడ్నీకైతే .2, కంటికి .3, నరాలకు .4, ఒకటికి మించితే .7. ఆసుపత్రిది ఐసీడీ-10 అమెరికా కూర్పు వాడే సాఫ్ట్‌వేర్ అయితే గ్యాంగ్రీన్‌కు ఈ11.52 అని రెండంకెలు వస్తాయి, కంగారు పడొద్దు.

గర్భంతో వచ్చిన షుగర్‌కు ఓ24.4. అలవాటుకొద్దీ ఈ11 వేశారంటే పాత షుగర్ అని చదువుకుంటారు, ముందునుంచీ ఉన్న జబ్బు కింద వెయిటింగ్ పీరియడ్ (పాలసీ తీసుకున్నాక ఆ జబ్బుకు క్లెయిమ్ ఇవ్వని గడువు) అడ్డం పెడతారు. 2024 నిబంధనల ప్రకారం ఆ గడువు 36 నెలలకు మించకూడదు.

థైరాయిడ్ ఆపరేషన్‌లో చిక్కు వేరు. గడ్డలని ఈ04.2 వేసి ఇంటికి పంపేస్తారు, కొన్నాళ్లకు బయాప్సీలో క్యాన్సర్ అని తేలుతుంది. అప్పుడు కోడ్ సీ73. పాత కోడ్‌తో కొత్త రిపోర్టు జతచేస్తే రెండూ పొసగవు, కాబట్టి రిపోర్టు వచ్చేదాకా ఆగి, క్లెయిమ్ గడువులోపే పెట్టండి. గ్రంథి మొత్తం తీసేశాక వచ్చే హార్మోన్ లోపానికి మామూలు థైరాయిడ్ లోపానికి వేసే ఈ03.9 కాదు, ఈ89.0.

కోడ్ మార్చమని బిల్లింగ్ కౌంటర్‌ను అడిగి లాభం లేదు. డిశ్చార్జి సమ్మరీలో డాక్టరు రాసిన మాటను బట్టే కోడ్ పడుతుంది. ‘డీఎం’ (షుగర్) అని రెండక్షరాలు రాస్తే కోడ్ వేసే ఉద్యోగి మాత్రం ఏం చేస్తాడు? వైద్యం చేసిన డాక్టరు దగ్గరే సవరించిన సమ్మరీ గానీ, మీ ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరు, డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు, సంతకం ఉన్న లెటర్ గానీ తీసుకోండి. దాన్ని మెడికల్ రికార్డ్స్ విభాగంలో ఇచ్చి పార్ట్ బీ కొత్తగా రాయించుకోండి. వైట్‌నర్ పూసి దిద్దిన ఫారం వద్దు.

బిల్లులు, రసీదులు, హెచ్‌బీఏ1సీ (షుగర్ పరీక్ష), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) రిపోర్టులు, క్యాన్సిల్డ్ చెక్కు జతచేసి, మొత్తం జిరాక్సు ఒక సెట్ దగ్గర ఉంచుకోండి. తిరస్కరిస్తే ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, ఏడాదిలోపు హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి)కు పెట్టుకోవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.