జెన్‌లో ఎస్టీమ్ ఇంజిన్: దించాక వచ్చే తిప్పలు

పాత మారుతి జెన్‌లోని 993 సీసీ ఇంజిన్, అదే కంపెనీ ఎస్టీమ్ కారులోని 1298 సీసీ ఇంజిన్ రెండూ సుజుకి జి కుటుంబానివే. ఇంటి షెడ్డులో చైన్ బ్లాక్ (బరువులెత్తే గొలుసు కప్పీ) కట్టి ఇంజిన్ మారుద్దామనుకునే వాళ్ల కన్ను అందుకే మొదట వీటి మీద పడుతుంది. కార్బురేటర్ జెన్‌కి 50 హార్స్‌పవర్, ఎంపీఎఫ్‌ఐ (ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే) ఎస్టీమ్‌కి 85. అంత చిన్న బండికి ఆ తేడా మామూలుది కాదు.

నా జెన్‌లోకి ఎస్టీమ్ ఇంజిన్ దించాక నేను పడ్డ ఇబ్బందుల్లో చాలావరకు ఇంజిన్‌లో లేవు. పాత బండి, వచ్చిన ఇంజిన్ కలిసే చోట్ల ఉన్నాయి: వైరు, పైపు, మౌంటింగ్. వెతుకులాట కూడా అక్కడే మొదలుపెట్టండి. కాకపోతే విజయవాడ ఆటోనగర్‌లోనో మరోచోటో పాత ఇంజిన్ కొనేటప్పుడే కంప్రెషన్ (సిలిండర్ లోపలి ఒత్తిడి) గేజి పెట్టి చూపించమనండి. నాలుగు సిలిండర్ల మధ్య తేడా చదరపు సెంటీమీటరుకి 1 కిలో దాటితే ఆ ఇంజిన్ వద్దు.

సెల్ఫ్ కొడితే టక్‌మని ఆగుతోంది, లేదా బద్ధకంగా తిరుగుతోంది

అందరూ బ్యాటరీని అనుమానిస్తారు. నేనూ అంతే, పక్కింటి కారు బ్యాటరీ తెచ్చి పెట్టాను. మూడోసారి సెల్ఫ్ కొట్టాక ఎందుకో యాక్సిలరేటర్ కేబుల్ మీద చెయ్యి వేస్తే చురుక్కుమంది. ఏదో కాలిన వాసన కూడా.

ఇంజిన్ కూర్చునేది రబ్బరు మౌంటింగుల మీద. స్టార్టర్ మోటారుకి వెళ్లిన కరెంటు తిరిగి బ్యాటరీ మైనస్‌కి చేరాలంటే ఇంజిన్ నుంచి ఎర్త్ వైరు ఉండాలి. అది బిగించడం మర్చిపోతే, లేదా పెయింటు మీద బిగిస్తే, కరెంటు సన్నటి యాక్సిలరేటర్ కేబుల్‌లోంచి దారి వెతుక్కుంటుంది. అందుకే ఆ వేడి.

మల్టీమీటర్‌ని డీసీ వోల్టుల్లో పెట్టి ఒక ముల్లు బ్యాటరీ మైనస్ మీద, ఇంకోటి ఇంజిన్ బ్లాక్ మీద శుభ్రమైన లోహానికి ఆనించండి. ఎవరినైనా సెల్ఫ్ కొట్టమనండి. 0.5 వోల్టు దాటితే ఎర్త్ సరిగా లేనట్టే. గేర్‌బాక్స్ బోల్టు నుంచి బ్యాటరీ మైనస్‌కి ఒక మందపాటి కేబుల్, బాడీకి ఇంకోటి వేయండి. కలిసే చోట పెయింటు గీకి, లోహం తళతళలాడాక బిగించి, పైన వ్యాజ్‌లైన్ రాయండి.

ఇంజిన్ తిరుగుతోంది, అందుకోవడం లేదు

తాళం ఆన్ చేసి వెనక సీటు దగ్గర చెవి పెట్టండి. రెండు మూడు సెకన్లు పంపు జుయ్‌మనాలి. కార్బురేటర్ జెన్‌లో పెట్రోలు పంపు ఇంజిన్ మీదే ఉంటుంది, దాని ఒత్తిడి చాలా తక్కువ. ఇంజెక్టర్లకి సుమారు 3 కిలోల ఒత్తిడి కావాలి. అవీ ఇవీ అతికించే బదులు ఎంపీఎఫ్‌ఐ జెన్ ట్యాంకు, పంపు, రిటర్న్ పైపు అన్నీ కలిపి తెచ్చుకోండి. పాత రబ్బరు గొట్టాలు మాత్రం వాడకండి. ఆ ఒత్తిడికి పగిలితే వేడి సైలెన్సర్ పైపు మీద పెట్రోలు చిమ్ముతుంది.

పంపు పలుకుతున్నా స్టార్ట్ కాకపోతే రెండు అనుమానాలు. టైమింగ్ బెల్టు (క్రాంక్‌తో పాటు వాల్వుల్ని నడిపే బెల్టు) ఒక పన్ను జరిగి ఉండొచ్చు. లేదా ఈసీఎం (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) ఇమ్మొబిలైజర్ ఉన్న కారుది, అంటే తన సొంత తాళం గుర్తిస్తే తప్ప స్టార్ట్ కానివ్వనిది అయి ఉండొచ్చు. అలాంటప్పుడు ఈసీఎంతో పాటు దాని తాళం, యాంటెనా రింగు కూడా తెచ్చుకోవాల్సిందే.

హీట్ అవుతోంది

ఎప్పుడు హీట్ అవుతోందో చూడండి, కారణం సగం తెలిసిపోతుంది. సిగ్నల్ దగ్గర టెంపరేచర్ ముల్లు లేచి, బండి కదిలాక దిగితే ఫ్యాన్ తిరగడం లేదు. ఫ్యాన్‌కి నేరుగా 12 వోల్టులు ఇచ్చి చూడండి. అప్పుడు తిరిగితే తప్పు స్విచ్‌ది, లేదా రిలేది. హైవే మీద 80 దాటాక లేస్తే రేడియేటర్ చాలడం లేదు, లేదా లోపల పూడుకుపోయింది. 50 హార్స్‌పవర్ వేడికి పెట్టిన రేడియేటర్‌ని 85కి సరిపెట్టడం పిసినారితనమే.

ముల్లు ఎక్కుతూ దిగుతూ ఉండి, హీటర్ వేస్తే చల్లగాలి వస్తే లోపల గాలి చిక్కుకుంది. ఇంజిన్ చల్లారాక ముందు భాగం జాకీ మీద ఎత్తండి. రేడియేటర్ మూత తీసి, హీటర్ ఫుల్ పెట్టి స్టార్ట్ చేయండి. బుడగలు ఆగేదాకా కూలెంట్ పోస్తూ, రేడియేటర్ పై గొట్టాన్ని మెల్లగా నొక్కుతూ ఉండండి. నాకు ఇరవై నిమిషాలు పట్టింది. వేడి మీద మాత్రం మూత ముట్టుకోవద్దు.

ఇంకొకటి. మీటరు ముల్లుకి ఒక సెన్సర్, ఈసీఎంకి ఒక సెన్సర్ వేరుగా ఉంటాయి. ఇంజిన్‌తో వచ్చిన సెన్సర్ మన మీటరుకి పొసగకపోతే ముల్లు అబద్ధం చెబుతుంది. పాత జెన్ సెన్సర్ విప్పి దీనికి బిగించండి.

రేస్ ఇస్తే శబ్దం పెరుగుతోంది, స్పీడు పెరగడం లేదు

క్లచ్ జారుతోంది. నాలుగో గేర్‌లో 40 దగ్గర పూర్తిగా తొక్కితే తెలిసిపోతుంది. క్లచ్ కేబుల్‌కి ఫ్రీ ప్లే (కొంచెం వదులు) ఉందో లేదో ముందు చూడండి. ఉంటే పాత ప్లేటు అరిగింది, లేదా క్రాంక్ వెనక ఆయిల్ సీల్ కారి నూనె అంటింది. ఇంజిన్ బయట ఉన్నప్పుడే ఆ సీల్ మార్చనందుకు మళ్ళీ ఒక ఆదివారం పోయింది నాకు.

ఐడిల్‌లో స్టీరింగ్ వణుకుతోంది

మౌంటింగ్ బోల్టులు ఒక్కొక్కటే గట్టిగా బిగించుకుంటూ వెళ్లి ఉంటారు. అన్నీ వదులు చేసి, ఇంజిన్ కాసేపు ఐడిల్‌లో ఆడనిచ్చి, ఆపాక బిగించండి. సైలెన్సర్ పైపు బాడీకి ఎక్కడైనా తగులుతోందేమో చూడండి.

బండి బాగుంది, ఆర్‌సీలో ఇంజిన్ నంబరు వేరు

స్పానర్‌తో తీరేది కాదిది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండి తయారీదారు ఇచ్చిన వివరాల నుంచి తప్పకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అందుకే ఆర్టీఏ ఆఫీసుకి పని మొదలుపెట్టే ముందే వెళ్లి అడగాలి, ఇంజిన్ నంబరు రాసి ఉన్న బిల్లు పట్టుకుని. అనుమతి లేకుండా రోడ్డెక్కి ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు మొదట ఆ నంబరే పట్టుకుంటారు.

ఆర్టీఏ వాళ్లు కాదంటే ఆ బండి మూసిన ట్రాక్ మీదకే. పాత ఇంజిన్‌ని మాత్రం తొందరపడి అమ్మేయకండి. ప్లగ్ రంధ్రాల్లో చెంచాడు నూనె పోసి, ప్లగ్గులు బిగించి, పాత దుప్పటి చుట్టి మూల పెట్టండి. నాది ఇంకా మంచం కిందే ఉంది.