ఇంటి కంప్యూటర్ స్వయంశిక్షణ – 5వ పాఠం: అప్‌డేట్ వార్తను చదవడం

పోయిన పాఠంలో ఫొటోలు, పిల్లల సర్టిఫికెట్లు, పొలం కాగితాల స్కాన్ కాపీలు విడి హార్డ్ డిస్కులోకి ఎక్కించడం నేర్చుకున్నాం. ఆ పని ఇంకా చేయనివారు ఈ పాఠాన్ని పక్కన పెట్టి ముందు అది పూర్తి చేయండి. అప్‌డేట్ అంటే కంప్యూటర్ లోపలి సాఫ్ట్‌వేర్ భాగాలను మార్చడమే. మన కాగితాలకు మరో కాపీ లేకుండా ఆ పనికి దిగకూడదు.

ఈ వారం కొత్త ప్రోగ్రామేదీ ముట్టుకోం. వార్త చదవడం నేర్చుకుంటాం. ‘కంప్యూటర్ వాడేవారికి కేంద్రం హెచ్చరిక’ అన్న శీర్షిక పత్రికల్లో తరచూ కనిపిస్తూనే ఉంటుంది. దాన్ని చూసి కొందరు హడలిపోయి కనిపించిన బటనల్లా నొక్కుతారు. మరికొందరు మనకెందుకులే అని పేజీ తిప్పేస్తారు. రెండింటివల్లా నష్టమే. ఆ వార్తలో మన బల్లమీద ఉన్న యంత్రానికి తగిలేది ఎంతో తేల్చుకోవడం ఎవరైనా నేర్చుకోగల పని.

డెల్టాలో పుట్టి పెరిగినవారికి హెచ్చరిక చదవడం కొత్త కాదు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఆ అంకెలు అందరం వింటాం, కానీ అందరం ఒకే పని చేయం. కనకాయలంకలో ఉన్నవారు కాజ్‌వే మునిగేలోపు ఏం తెచ్చుకోవాలో చూసుకుంటారు. భీమవరంలో ఉన్నవారు లంకల్లోని చుట్టాలకు ఫోను చేసి తమ పనిలో తాము పడతారు. మన ఇల్లు ఎక్కడుందో మనకు తెలుసు కాబట్టి ఆ హెచ్చరిక మనకు అర్థమవుతుంది. కంప్యూటర్ విషయంలో మొదట తెలుసుకోవలసిన చిరునామా వెర్షన్ సంఖ్య.

అది చూద్దాం. కీబోర్డులో విండోస్ గుర్తున్న మీటను నొక్కి పట్టుకుని ‘ఆర్’ నొక్కండి. తెర మూలన చిన్న పెట్టె తెరుచుకుంటుంది. అందులో డబ్ల్యూ, ఐ, ఎన్, వి, ఇ, ఆర్ అనే ఆరు అక్షరాలు ఖాళీ లేకుండా కొట్టి ఎంటర్ నొక్కండి. వచ్చిన పెట్టెలో పైన విండోస్ 10 అనో 11 అనో పెద్ద అక్షరాలతో ఉంటుంది. చాలామంది అక్కడితో ఆగిపోతారు. మనకు కావలసింది దాని కింది వరుస. ‘వెర్షన్ 22హెచ్2, ఓఎస్ బిల్డ్ 19045’, ఆపైన చుక్క పెట్టి మరో అంకె, ఇలా ఉంటుంది. ఆ వరుస మొత్తం నోటుపుస్తకంలో తేదీ వేసి రాసుకోండి.

ఆ వరుస ఎందుకంత ముఖ్యమో చెబుతాను. 2015 జులైలో వచ్చిన విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇంటి వాడకందార్లు విడిగా నమోదు చేసుకుంటే భద్రతా సవరణలు మరో ఏడాది, అంటే 2026 అక్టోబరు 13 వరకు ఇస్తామని మైక్రోసాఫ్ట్ అప్పట్లో ప్రకటించింది. ఇది చాలామంది విన్నదే. మనది విండోస్ 11 కదా అని నిశ్చింతగా ఉన్నవారికి తెలియనిది ఇంకొకటుంది. విండోస్ 11లో 23హెచ్2 అనే వెర్షన్‌కు ఇళ్లలో వాడే హోమ్, ప్రో రకాలకు మద్దతు 2025 నవంబరు 11న ఆగిపోయింది. పైన 11 అనే ఉంటుంది, నెలనెలా రావలసిన భద్రతా సవరణలు మాత్రం రావు. తెరమీద ఏ తేడా కనిపించదు. అందుకే కింది వరుస చదవమంటున్నాను.

ఇప్పుడు ఒక వార్తను విప్పి చూద్దాం. ‘క్రోమ్‌లో తీవ్ర లోపం, వెంటనే అప్‌డేట్ చేసుకోవాలని సెర్ట్-ఇన్ సూచన’ అని ఉందనుకోండి. సెర్ట్-ఇన్ అంటే కంప్యూటర్ భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ, 2004 నుంచి పనిచేస్తోంది. శీర్షికలో మనకు అక్కరకొచ్చేది ‘క్రోమ్’ (నెట్ చూసే బ్రౌజర్) అన్న ఒక్క మాట. ‘తీవ్ర’ అన్నది చూసి కంగారుపడకండి. ఈ సంస్థ పెద్ద కార్యాలయాల సర్వర్ల గురించి, నెట్‌వర్క్ పరికరాల గురించి కూడా ఇంతే గట్టి మాటలతో రాస్తుంది. అవి మన ఇంట్లో ఉండనే ఉండవు. కాబట్టి మొదటి ప్రశ్న: లోపం దేనిలో? అది నా దగ్గర ఉందా?

రెండో ప్రశ్న, ఏ వెర్షన్‌లో? వార్త లోపలి పేరాల్లో ‘ఫలానా సంఖ్యకు ముందువన్నీ’ అని ఉంటుంది. క్రోమ్ కుడివైపు పైన ఉన్న మూడు చుక్కలు నొక్కి, హెల్ప్‌లోకి వెళ్లి, అబౌట్ గూగుల్ క్రోమ్ తెరిస్తే మీ సంఖ్య కనిపిస్తుంది. ఇక్కడ తడబడేవారు చాలామంది ఉంటారు కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం. వార్తలో సంఖ్య 140.0.7339.127, మీ తెరమీద 140.0.7339.80 అనుకోండి. 80 పెద్దదా, 127 పెద్దదా? లెక్కల్లో దశాంశ బిందువుకు అలవాటుపడిన కన్ను .80నే పెద్దదంటుంది. ఇవి దశాంశాలు కావు. చుక్కలు అడ్డుగోడలు మాత్రమే. ఎడమనుంచి ఒక్కొక్క గడిని విడి అంకెగా పోల్చుకుంటూ రండి. మొదటి మూడు గడులూ సమానం, నాలుగో గడిలో 80 కంటే 127 పెద్దది. అంటే మీది పాతది. ఆ పేజీ తెరవగానే క్రోమ్ కొత్తదాన్ని తానే దించుకుంటుంది, రీలాంచ్ అన్న బటన్ నొక్కితే పని పూర్తవుతుంది. అక్కడ సంఖ్య 109తో మొదలై కదలకపోతే మీది విండోస్ 7 లేదా 8.1 అయి ఉంటుంది. 2023 ఫిబ్రవరి నుంచి క్రోమ్ వాటిని వదిలేసింది. అలాంటి యంత్రంలో బ్యాంకు పని చేయకండి.

మూడో ప్రశ్న, ఆ లోపాన్ని ఇప్పటికే దొంగలు వాడుతున్నారా? అలాంటప్పుడు వార్తలో ‘దాడులు జరుగుతున్నాయి’ అనో ‘జీరో డే’ అనో ఉంటుంది. ఆ మాట కనిపిస్తే ఆ రోజే చేయండి. లేకపోతే ఆ వారంలో చేస్తే సరిపోతుంది.

ఈ మూడు ప్రశ్నలూ వేసుకుని 2024 జులై 19 నాటి వార్తను చూడండి. ఆ శుక్రవారం ప్రపంచమంతటా కంప్యూటర్లు నీలి తెరతో నిలిచిపోయాయి. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల యంత్రాలు. హైదరాబాద్ విమానాశ్రయంలో చేతిరాతతో బోర్డింగ్ పాసులిచ్చారు. కారణం విండోస్ అప్‌డేట్ కాదు. క్రౌడ్‌స్ట్రైక్ అనే సంస్థ, కంపెనీలకు అమ్మే తన రక్షణ సాఫ్ట్‌వేర్‌కు పంపిన లోపభూయిష్టమైన ఫైలు. ఇళ్లలో ఆ సాఫ్ట్‌వేర్ ఉండదు కాబట్టి ఇంటి కంప్యూటర్లకు ఏమీ కాలేదు. ఆ వార్త చూసి భయపడి విండోస్ అప్‌డేట్లు ఆపేసినవారు మీలో ఎవరైనా ఉంటే, దయచేసి ఈ రోజే తిరిగి మొదలుపెట్టండి.

ఆపితే ఏమవుతుందో 2017లో తేలింది. విండోస్‌లో ఫైళ్లు పంచుకునే భాగంలోని లోపానికి మార్చి 14నే సవరణ వచ్చింది. వన్నాక్రై దాడి మే 12న మొదలైంది. మధ్యలో దాదాపు రెండు నెలలు! ఆ వ్యవధిలో సవరణ వేసుకున్న కంప్యూటర్లకు ఆ దారి మూసుకుపోయింది. వేసుకోనివాటిలో దాడికి చిక్కినవాటి ఫైళ్లకు తాళం పడి, తెరమీద డబ్బు అడిగే నోటీసు నిలిచింది. పెళ్లి ఫొటోలున్న ఇంటి కంప్యూటర్‌కైనా, ఆసుపత్రి కంప్యూటర్‌కైనా ఒకటే తీరు.

ఇక రోజువారీ వాడకం. మైక్రోసాఫ్ట్ ప్రతి నెలా రెండో మంగళవారం భద్రతా సవరణలు విడుదల చేస్తుంది. మనకు అది రాత్రి పదిన్నర, అమెరికాలో శీతకాలమైతే పదకొండున్నర. కాబట్టి ఆ బుధవారం ఉదయం కంప్యూటర్ వేయగానే నెమ్మదిగా ఉంటే రిపేరు దుకాణానికి తీసుకెళ్లనక్కరలేదు, అప్‌డేట్ దిగుతూ ఉండవచ్చు. రెండు నెలలు తప్పిపోయినా బెంగ లేదు, తాజా నెలదాంట్లో పాతవన్నీ కలిసే వస్తాయి. నెల చివర్లో కనిపించే ‘ప్రివ్యూ’ రకాన్ని వదిలేయండి. అది ముందుగా పరీక్షించేవారి కోసం.

ఫోను హాట్‌స్పాట్ మీద నెట్ వాడే ఇళ్లకు ఒక మాట. డేటా ఆదా కోసం ‘మీటర్డ్ కనెక్షన్’ ఆన్ చేసి ఉంటే అప్‌డేట్లలో చాలావరకు వాటంతట అవి దిగవు. నెలకోసారి ఫైబర్ నెట్ ఉన్న బంధువుల ఇంటికి ల్యాప్‌టాప్ పట్టుకెళ్లి పని ముగించుకోండి. తుపాను గాలులున్న రోజు, కరెంటు వచ్చిపోతున్న పూట, యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌లో రీస్టార్ట్ మొదలుపెట్టకండి. ‘కంప్యూటర్ ఆపవద్దు’ అన్న తెర మీదుండగా కరెంటు పోతే విండోస్ పాడయ్యే ప్రమాదముంది. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ నిండాక చేయండి.

నకిలీల గురించి వివరంగా ఏడో పాఠంలో వస్తుంది. అప్పటిదాకా ఇది చాలు: అసలైన విండోస్ అప్‌డేట్ సెట్టింగ్స్ లోపల వస్తుంది. వాట్సాప్ లింకుగానో, మెయిల్‌కు తగిలించిన ఫైలుగానో రాదు. తెరంతా ఎర్రగా మారి ‘వైరస్ పట్టింది, ఈ నంబరుకు ఫోను చేయండి’ అని వస్తే అది మోసమే. మైక్రోసాఫ్ట్ హెచ్చరికల్లో ఫోను నంబరు ఉండదు. ఆల్ట్, ఎఫ్4 మీటలు కలిపి నొక్కి మూసేయండి. ఇంట్లో పెద్దవారెవరైనా అప్పటికే డబ్బు పంపేసి ఉంటే కోప్పడుతూ కాలం గడపకుండా వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయించండి.

అభ్యాసం: మీ విండోస్, బ్రౌజర్ వెర్షన్లు నోటుపుస్తకంలో రాయండి. తర్వాత ఈ మూడు శీర్షికల్లో మీకు వర్తించేవి ఏవో, ఎప్పటిలోగా స్పందించాలో రాయండి. ఒకటి, ‘విండోస్ సర్వర్‌లో అత్యంత తీవ్ర లోపం’. రెండు, ‘క్రోమ్‌లో జీరో డే, దాడులు జరుగుతున్నట్లు గూగుల్ వెల్లడి’. మూడు, ‘విండోస్ 11 24హెచ్2కు నెలవారీ భద్రతా సవరణలు’. జవాబులు వచ్చే పాఠం మొదట్లో ఉంటాయి. విండోస్ 11 ఎక్కని పాత యంత్రాలకున్న దారులు కూడా అందులోనే.