శేషాచలం మొక్కకు నేను చేసిన అపకారం

మా కళాశాల తోటలో అటవీశాఖ అనుమతితో తెచ్చిన సైకస్ బెడ్డోమై మొక్క ఒకటి ఉంది. చూడటానికి పొట్టి ఈతచెట్టులా ఉంటుంది కానీ ఈత జాతి కాదు, అసలు పూలే పూయదు. ఏడాది పొడవునా పచ్చగా ఉండే ఈ పొద సహజంగా పెరిగేది తూర్పు కనుమల్లోనే, ముఖ్యంగా తిరుమల, శేషాచలం కొండల్లో. అరుదైన జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం సైట్స్ (CITES). అత్యంత కఠినమైన ఆంక్షలున్న దాని మొదటి జాబితాలో ఈ మొక్క పేరుంది.

అలాంటి మొక్కను నేను ముద్దు చేసి చెడగొట్టాను. రేగడి మట్టి, పశువుల ఎరువు, రోజూ నీళ్లు! వానాకాలం వచ్చేసరికి ఆకులు పసుపెక్కాయి, మొదలు వేలితో నొక్కితే మెత్తగా దిగింది.

కుండీ బోర్లించి చూస్తే వేళ్లు నల్లబడి కుళ్లు వాసన. కుళ్లిన భాగాన్ని తెల్లటి కణజాలం కనబడేదాకా కోసి, కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే బూజు మందు అద్ది, వారం రోజులు నీడలో ఆరబెట్టాను. దాని సొంత చోటు ఎండ మండే రాతి వాలు, నీరు నిలవదు. అందుకే ఈసారి సగానికి పైగా గులకరాళ్లు, గరుకు ఇసుక, కాస్త ఎర్రమట్టి. మట్టి పూర్తిగా ఆరితేనే నీళ్లు.

నాలుగు నెలలు చలనం లేదు. తోటమాలి ‘పారేద్దాం సార్’ అన్నాడు కూడా. ఐదో నెలలో నడినెత్తిన గోధుమరంగు నూగు కనిపించింది, దాని మధ్య గడియారం స్ప్రింగుల్లా చుట్టుకున్న చిట్టి ఆకులు.