విదేశీ హోటలు అన్యాయంగా ‘డ్యామేజీ’ సొమ్ము వసూలు చేస్తే తిరిగి రాబట్టుకోవడం ఎలా?

సింగపూర్ నుంచి హైదరాబాద్‌కు తిరిగి వచ్చిన తొమ్మిదో రోజున మా క్రెడిట్ కార్డు మీద 380 సింగపూర్ డాలర్లు పడినట్లు ఫోనుకు సందేశం వచ్చింది. ఆరా తీస్తే, మేము దిగిన హోటలువారు గదిలో పరుపు పాడైందనీ, దాని ఖరీదు వసూలు చేశామనీ రెండు ముక్కల్లో జవాబిచ్చారు. మా అమ్మ వెంట తెచ్చుకున్న ఆవకాయ సీసా మూత వదులై, పైదుప్పటి మీద అరచేయంత నూనె మరక పడిన మాట నిజమే. ఆ సంగతి గది ఖాళీ చేసేటప్పుడు మేమే రిసెప్షన్‌లో చెప్పాము. అయితే మరక దుప్పటితోనే ఆగింది, పరుపుకు అంటలేదు. ఆ సొమ్ము తిరిగి రావడానికి రెండున్నర నెలలు పట్టింది. ఇలాంటి ఇబ్బంది ఎదురైనవారు ఏ పని ముందు, ఏ పని తరువాత చేయాలో తెలియక గడువు దాటబెట్టుకుంటున్నారు కనుక, ఆ క్రమాన్ని ఇక్కడ వివరిస్తున్నాను.

1. అది నిజంగా వసూలైన సొమ్మేనా అని చూడండి

హోటళ్లు గది ఇచ్చేటప్పుడు డిపాజిట్ కింద కార్డులో కొంత మొత్తాన్ని పట్టి ఉంచుతాయి. అది వసూలు కాదు, తాత్కాలికంగా ఆపి ఉంచిన సొమ్ము మాత్రమే; కొద్ది రోజుల్లో, కొన్నిసార్లు రెండు మూడు వారాల్లో, దానంతట అదే విడుదలవుతుంది. బ్యాంకు యాప్‌లో ఆ లావాదేవీ ఇంకా ‘పెండింగ్’లోనే ఉంటే కంగారు పడనక్కర లేదు. అలాగే దుబాయ్‌లో గదికి, రాత్రికి ఇంతని వేసే టూరిజం దిర్హమ్ వంటి స్థానిక రుసుములు, మినీబార్‌లో వాడుకున్న వస్తువుల ఖరీదు డ్యామేజీ కిందికి రావు. తుది బిల్లును స్టేట్‌మెంట్‌తో పక్కపక్కన పెట్టి చూసుకుంటే ఈ తేడా తేలిపోతుంది.

2. ఆధారాలన్నీ ఆ రోజే ఒకచోట చేర్చండి

బుకింగ్ ధ్రువీకరణ, తుది బిల్లు, డిపాజిట్ రశీదు, కార్డు లావాదేవీ సందేశం, గదిలో తీసిన ఫోటోలు, వీడియోలు, హోటలుతో జరిపిన వాట్సాప్ సంభాషణలు అన్నీ ఒకే ఫోల్డర్‌లో పెట్టుకోండి. గది కోసమని ప్రత్యేకంగా ఫోటోలు తీయకపోయినా నిరాశపడకండి. పిల్లలు మంచం మీద ఆడుకుంటుండగా తీసిన వీడియోలోనో, కిటికీ ముందు దిగిన సెల్ఫీలోనో గది స్థితి కనబడుతూనే ఉంటుంది. అసలు ఫైలులో తీసిన తేదీ, సమయం నమోదై ఉంటాయి కనుక వాటిని ఎడిట్ చేయకుండా, అసలు రూపంలోనే దాచండి.

3. హోటలుకు ఈమెయిల్ రాయండి

ఫోనులో మాట్లాడితే మాటకు సాక్ష్యం ఉండదు. అందువల్ల హోటలు మేనేజరుకు, గొలుసు హోటలైతే దాని ప్రధాన కార్యాలయానికి కూడా, ఈమెయిలే పంపండి. అందులో ఆవేశం వద్దు. అడగవలసినవి మాత్రం ఒక్కటీ వదలకండి. నష్టం ఎప్పుడు, ఎవరు గమనించారు, గది శుభ్రం చేసే సిబ్బంది దాన్ని రాసుకున్న నమోదు ఎక్కడుంది, తేదీ కనబడేలా తీసిన ఫోటోలేవి, మరమ్మతుకో కొత్త వస్తువుకో అయిన ఖర్చుకు బిల్లు ఏది, పాడైందంటున్న వస్తువు ఎన్నేళ్ల నాటిది, మా తరువాత ఆ గదిలో ఎవరైనా దిగారా, ఏ షరతు కింద మా సమ్మతి లేకుండా సొమ్ము తీసుకున్నారు అని వరుసగా అడిగి, జవాబుకు ఏడు రోజుల గడువు పెట్టండి.

వస్తువు వయసు అడగడం ముఖ్యం. ఆరేళ్లు వాడిన పరుపుకు కొత్త పరుపు ధర మొత్తం అతిథి చేత కట్టించడం న్యాయం కాదు, వాడకంలో సహజంగా కలిగే అరుగుదలను నష్టమనడం అసలే న్యాయం కాదు.

మీ వల్ల నిజంగా జరిగిన నష్టాన్ని మొదటి ఉత్తరంలోనే ఒప్పుకోండి. దీనిని కొందరు బలహీనత అనుకుంటారు గానీ, నా అనుభవంలో మా పక్షానికి బలం చేకూర్చింది అదే. దుప్పటి ఉతికించడానికో మార్చడానికో 30 డాలర్లు ఇవ్వడం మాకు సమ్మతమేననీ, మిగిలిన 350 డాలర్లను మాత్రమే వివాదం చేస్తున్నామనీ రాశాము. సింగపూర్ హోటళ్లలో చాలాచోట్ల ఘాటైన వాసన గల దురియన్ పండు తేవడం నిషేధం. ఆ వాసన పోగొట్టడానికి వేసే రుసుము గదిలోనే రాసి పెట్టి ఉండగా పండు తెచ్చినవారు, సిగరెట్ కాల్చకూడని గదిలో కాల్చినవారు ఆ రుసుముతో పోట్లాడి ప్రయోజనం లేదు.

హోటలు పంపిన ఫోటోలను పెద్దవి చేసి నిదానంగా చూడండి. మాకు వచ్చిన చిత్రంలో పరుపు మీద పసుపుపచ్చని మరక ఉంది; మంచానికి ఎడమవైపు కిటికీ, దాని పక్కన గోడకు బిగించిన చదువుకునే దీపం ఉన్నాయి. దిగిన రోజు మా అబ్బాయి తీసిన వీడియోలో కిటికీ, దీపం రెండూ మంచానికి కుడివైపున ఉన్నాయి. అంటే అది మా గదే కాదు. రెండు చిత్రాలను పక్కపక్కన పెట్టి, తేడా ఉన్నచోట ఎర్రగీత గీసి పంపాము. దానికి హోటలు నుంచి జవాబు రాలేదు.

‘డబ్బు ఇవ్వకపోతే రివ్యూ రాసి పరువు తీస్తాము’ అని మాత్రం బెదిరించకండి. యూఏఈ వంటి దేశాల్లో ఆన్‌లైన్‌లో దూషించడం నేరమే అవుతుంది.

4. బుక్ చేసిన సంస్థకు తెలియజేయండి

బుకింగ్ యాప్ ద్వారా గది తీసుకుని ఉంటే దాని సహాయ విభాగంలోనూ అదే ఫిర్యాదు నమోదు చేయండి. ఇళ్లను, గదులను అద్దెకిప్పించే ఎయిర్‌బీఎన్‌బీలో అతిథి ఖాళీ చేసిన 14 రోజుల లోపు ఇంటి యజమాని నష్టపరిహారం అడగాలి. అతిథికి జవాబివ్వడానికి 24 గంటలే ఉంటాయి కనుక ఊరికి తిరిగి వచ్చాక కూడా ఆ సందేశాలు చూస్తూ ఉండాలి. యాప్ బయట, నేరుగా ఖాతాకు సొమ్ము పంపమంటే పంపకండి.

5. బ్యాంకులో వివాదం నమోదు చేయండి

ఏడు రోజుల్లో హోటలు తేల్చకపోతే ఇక ఆగవద్దు. విదేశీ హోటలు మన ఓటీపీ లేకుండానే, ముందు ఇచ్చిన కార్డు వివరాలతో సొమ్ము తీసుకోగలిగినట్లే, కార్డు ఇచ్చిన బ్యాంకు ద్వారా దాన్ని వెనక్కి అడిగే ఏర్పాటు కూడా ఉంది. దానినే ఛార్జ్‌బ్యాక్ అంటారు. వీసా, మాస్టర్‌కార్డ్ నియమాల్లో చాలా రకాల వివాదాలకు 120 రోజుల వరకు గడువు ఉన్నా, బ్యాంకులు తమ ఖాతాదారులకు అంతకన్నా తక్కువ గడువు పెట్టవచ్చు. స్టేట్‌మెంట్ వచ్చిన 30 రోజుల లోపే నమోదు చేయడం క్షేమం.

ఇక్కడే ఎక్కువమంది ఒక పొరపాటు చేస్తున్నారు. త్వరగా పని జరుగుతుందని ‘ఈ లావాదేవీ నాకు తెలియదు, మోసం జరిగింది’ అని రాస్తారు. వెంటనే బ్యాంకు కార్డును నిలిపివేస్తుంది. హోటలేమో గదిలో దిగేటప్పుడు మీరు సంతకం చేసిన రిజిస్ట్రేషన్ కార్డు చూపుతుంది. దాంతో మీ మాట మీద నమ్మకం పోతుంది. ‘హోటలులో దిగిన మాట వాస్తవం, గది అద్దె కట్టాను, కానీ ఈ అదనపు సొమ్ముకు నేను సమ్మతించలేదు, ఆధారం అడిగితే ఇవ్వలేదు’ అని ఉన్నది ఉన్నట్లు రాయండి. మాస్టర్‌కార్డ్ నియమాల ప్రకారం నష్టం సొమ్మును గది అద్దెలో కలపకుండా విడి లావాదేవీగానే తీసుకోవాలి. అదీ నష్టం సంగతి తెలియజేసిన తరువాత కార్డుదారు ఒప్పుకుంటేనే తీసుకోవాలి. గదిలో దిగేటప్పుడు పెట్టిన సంతకం ఆ తరువాత కలిగిన నష్టానికి ఒప్పుకోలు కాదని మీ ఉత్తరంలో స్పష్టంగా పేర్కొనండి.

హోటలు ఎదురువాదన పంపితే బ్యాంకు మళ్లీ మీ జవాబు అడుగుతుంది, అందుకు కొద్ది రోజులే ఇస్తుంది. ఆ ఈమెయిల్ స్పామ్‌లో పడి గడువు దాటిపోయే ప్రమాదం ఉంది కనుక కనిపెట్టుకుని ఉండండి. వివాదం నడుస్తుండగా బ్యాంకు తాత్కాలికంగా సొమ్ము జమ చేసినా, తీర్పు మీకు వ్యతిరేకంగా వస్తే తిరిగి తీసుకుంటుంది. వివాదం లేని మిగతా బిల్లును మాత్రం సకాలంలో కట్టేయండి. వివాదంలో ఉన్న మొత్తంపై వడ్డీ వేయబోమని బ్యాంకు నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. విదేశీ కరెన్సీలో ఖర్చు చేసినందుకు బ్యాంకు వేసే అదనపు రుసుము (మార్కప్) చాలా కార్డుల్లో 3.5 శాతం దాకా ఉంటుంది, దానిమీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. సొమ్ము తిరిగి వచ్చేటప్పుడు ఆ రెండూ కూడా వెనక్కి ఇవ్వాలని అడగండి.

6. బ్యాంకు పట్టించుకోకపోతే

రిజర్వ్ బ్యాంకు క్రెడిట్ కార్డు ఆదేశాల ప్రకారం, బిల్లుపై కార్డుదారు అభ్యంతరం చెబితే 30 రోజుల లోపు బ్యాంకు వివరణ, అవసరమైనచోట పత్రాల ఆధారం ఇవ్వాలి. ఇవ్వకపోయినా, ఇచ్చిన జవాబు సరిగా లేకపోయినా బ్యాంకులపై ఫిర్యాదులను విచారించే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు, రిజర్వ్ బ్యాంకు ఫిర్యాదుల వెబ్‌సైటైన సీఎంఎస్ పోర్టల్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. సందేహాలకు 14448 నంబరు ఉంది. అమెరికాలో ఉన్న తెలుగువారికి అక్కడి ఫెయిర్ క్రెడిట్ బిల్లింగ్ చట్టం కింద, ఆ సొమ్ము కనబడిన మొదటి స్టేట్‌మెంట్ పంపిన 60 రోజుల లోపు బ్యాంకుకు రాతపూర్వకంగా తెలియజేసే హక్కు ఉంది.

సింగపూర్‌లోనైతే 20,000 సింగపూర్ డాలర్ల వరకు ఉన్న తగాదాలను స్మాల్ క్లెయిమ్స్ ట్రిబ్యునల్స్ (చిన్న మొత్తాల తగాదాల న్యాయస్థానాలు) విచారిస్తాయి. అక్కడ లాయర్ల ప్రమేయం ఉండదు, రెండేళ్ల వరకు గడువుంటుంది. కొద్దిపాటి సొమ్ముకు అంత దూరం వెళ్లడం గిట్టుబాటు కాదు గానీ, ఆ మార్గం మీకు తెలుసునని ఉత్తరంలో ఒక వాక్యం రాయడం మంచిది.

7. తదుపరి ప్రయాణంలో

గదిలో అడుగు పెట్టగానే, పెట్టెలు విప్పకముందే రెండు నిమిషాల వీడియో తీయండి; దుప్పటి ఎత్తి పరుపును, స్నానాల గది అద్దాన్ని, తివాచీని చూపండి. ఖాళీ చేసేటప్పుడు మళ్లీ అలాగే తీసి, బాకీ ఏమీ లేదని తుది బిల్లు మీద రాయించుకోండి. డిపాజిట్‌కు డెబిట్ కార్డు కాకుండా క్రెడిట్ కార్డు ఇవ్వండి. డెబిట్ కార్డులోనైతే వివాదం తేలేదాకా పోయేది మీ ఖాతాలోని సొమ్మే. హోటలు తుది బిల్లు స్టేట్‌మెంట్‌లో పడిన తరువాత, బ్యాంకు యాప్‌లోకి వెళ్లి ఆ కార్డుకు అంతర్జాతీయ వినియోగాన్ని ఆపివేయండి.