అవ్వ మంచం పక్కన వీడియో స్విచ్

తిరుపతిలో మా ఇంట్లో తెల్లారితే అవ్వకు ఎస్వీబీసీ, పిల్లలకు డీవీడీ. పాత టీవీకి ఏవీ ఇన్‌పుట్ ఒక్కటే. అందుకే రెండింటిలో ఒకదాన్ని ఎంచుకునే స్విచ్‌ను అవ్వ మంచం పక్కన పెట్టా. వీడియో తీగను మంచం దాకా లాగితే బొమ్మ చెడుతుంది, అందుకే వీడియోను టీవీ దగ్గరే మార్చడానికి ట్రాన్సిస్టర్లు. స్విచ్ దాకా వెళ్ళేది డీసీ వోల్టేజీ మాత్రమే, వీడియో కాదు.

రెండు బీసీ547 ట్రాన్సిస్టర్లు తీసుకోండి, ఒక్కో ఇన్‌పుట్‌కు ఒకటి. చదును ముఖం మీవైపు, కాళ్ళు కిందికి పెడితే ఎడమనుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. కలెక్టర్లు రెండూ 9 వోల్టులకు. ఎమిటర్లు రెండూ కలిపి, 330 ఓమ్‌ల రెసిస్టర్ మీదుగా గ్రౌండ్‌కు.

ప్రతి ఇన్‌పుట్‌కూ గ్రౌండ్‌కూ మధ్య 75 ఓమ్ రెసిస్టర్. అక్కడినుంచి 10 మైక్రోఫారడ్ కెపాసిటర్, ప్లస్ బేస్ వైపు. బేస్ నుంచి గ్రౌండ్‌కు 10కె (10 వేల ఓమ్‌ల) రెసిస్టర్, స్విచ్‌కు ఇంకో 10కె. స్విచ్ 9 వోల్టులు ఎటు ఇస్తే ఆ బేస్ 4.5 దగ్గర నిలుస్తుంది. రెండోది సున్నాలో పడి నోరు మూసుకుంటుంది.

కలిసిన ఎమిటర్ల నుంచి 1000 మైక్రోఫారడ్, ప్లస్ ఎమిటర్ వైపు, నేరుగా టీవీకి. పుస్తకం ప్రకారం ఇక్కడ ఇంకో 75 ఓమ్ ఉండాలి. పెట్టి చూశా, సిగ్నల్ సగమై బొమ్మ మసకబారింది. తీగ మూరెడే కదా, తీసేశా.

మొదటిరోజు తెరమీద అడ్డపట్టీలు పాకాయి. ట్రాన్సిస్టర్లను అనుమానించి రెండుసార్లు ఊడబీకా. తప్పు చవక అడాప్టర్‌ది! 12 వోల్టుల అడాప్టర్‌కు 7809 (9 వోల్టులు నిలకడగా ఇచ్చే రెగ్యులేటర్) తగిలించాక పోయాయి.

సౌండ్‌కు ఇలాంటిదే ఇంకో జత, ఆ 75 ఓమ్‌లు లేకుండా.